లింకు తెంచేముందు: మేనకోడలికి మామ ఉత్తరం

చిత్తూరు,
ఆదివారం రాత్రి

పాపకి మామ ఆశీస్సులు.

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. తిరుపతి ఆఫీసులో మామిడి సీజను లెక్కల ఎక్సెల్ బుక్కు నీ చేతికిచ్చారంట. తెరిచినప్పుడల్లా బయటి ఫైళ్ల నుంచి అంకెలు తెచ్చే లింకులున్నాయి, అప్‌డేట్ చెయ్యాలా అని అడుగుతా ఉందంట. మంగళవారం లోపల ఆ లింకులన్నీ తీసేస్తానని నువ్వు చెప్పినావంట. ఎంతమందో చేతులు మార్చిన బుక్కును బాగుచెయ్యమని నీకిచ్చారంటే నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా అనింది: "ఏదో బ్రేక్ లింక్ అని బటన్ ఉందంట, నొక్కితే అయిపోతుందంట." ఆ మాటతో నాకు అన్నం సహించలేదు. ఈ ఉత్తరం చివరిదాకా చదివిందాకా ఆ బటన్ నొక్కబాకు.

ముందు బుక్కుకు కాపీ తియ్యి, పేరు పక్కన తేదీ పెట్టు, ఒరిజినల్ ముట్టుకోకు. బుక్కు వన్‌డ్రైవ్‌లో ఉంటే కాపీలో ఆటోసేవ్ ఆపు. బ్రేక్ లింక్‌కి అన్‌డూ లేదు. సేవ్ చెయ్యకుండా మూసెయ్యడమే తప్పించుకునే సులువు దారి, ఆటోసేవ్ ఆ దారి కూడా మూసేస్తుంది. రివ్యూ ట్యాబులో షీట్లకు ప్రొటెక్షన్ ఉంటే తీసెయ్యి, అదుంటే బటన్ పనిచెయ్యదు. తర్వాత డేటా ట్యాబులో ఎడిట్ లింక్స్ తెరువు. కొత్త ఎక్సెల్‌లో దాన్నే వర్క్‌బుక్ లింక్స్ అంటున్నారు. అక్కడ కనిపించే ఫైళ్ల పేర్లన్నీ కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని ఎదురుగా అది బతికున్న లింకా, చచ్చిన లింకా అని రాయి. ఈ కాగితం లేకుండా పని మొదలుపెట్టొద్దు.

బతికున్న లింకంటే రేపు మారే అంకెను తెచ్చేది. రేట్ల బుక్కు, వేబ్రిడ్జి తూకాల బుక్కు అట్లాంటివి. చచ్చినదంటే పోయినేడు ముగిసిన లెక్క నుంచి వచ్చిన ఓపెనింగ్ బ్యాలెన్సు, ఇప్పుడు లేని కంప్యూటర్ దారి, ఎవరో షీటు కాపీ చేసినప్పుడు వెంట వచ్చిన చెత్త. చచ్చినదాన్ని తెంచొచ్చు. బతికున్నదాన్ని తెంచితే ఏమవుతుందో కొంచెం ఎక్కువగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

బ్రేక్ లింక్ పేరుకే తెంచడం. అది చేసే పని, ఫార్ములాను తీసేసి ఆ క్షణంలో ఉన్న అంకెను అక్కడ రాయిలా పెట్టడం. ఒక గుజ్జు ఫ్యాక్టరీ లెక్కల్లో సీజను మధ్యలో ఆ పని జరిగింది. నొక్కింది నేనే. తోతాపురి రేటు వేరే కంప్యూటర్లో రేట్ల బుక్కులో ఉండేది, కొనుగోలు బుక్కులో ప్రతి లోడు ఎదురుగా వీలుకప్ అనే వెతికి తెచ్చే ఫార్ములా దాన్ని తెచ్చేది. రోజూ వచ్చే ప్రశ్న విసుగుపుట్టి, తెంచి, సేవ్ చేసినా. ఆ సాయంత్రం టోటల్స్ చూస్తే పైసాతో సహా సరిపోయినాయి. సరిపోకేం? రాయిగా మారినవి ఆ రోజు సరైన అంకెలే కదా. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

నాలుగు రోజులకు కిలో మీద రూపాయి పెరిగింది. రేట్ల బుక్కులో మార్చినారు. కొనుగోలు బుక్కులో మాత్రం కొత్త వరసకు పై వరసను కిందికి లాగితే వీలుకప్ బదులు పాత అంకే దిగింది, ఎందుకంటే లాగడానికి అక్కడ ఫార్ములా లేదు. ఎర్రర్ రాలేదు, రంగు మారలేదు, ప్రశ్న అడగలేదు. 12 టన్నుల లోడంటే 12,000 కిలోలు, అంటే ఒక్క లోడుకు 12,000 రూపాయలు తక్కువ. తొమ్మిదో రోజు బంగారుపాళ్యం వైపు నుంచి ఒక రైతు వచ్చి, తూకం చీటీ వెనకాల పెన్సిల్‌తో వేసిన గుణకారం చూపించినాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. చీటీ టేబుల్ మీద పెట్టి నిలబడినాడు, అంతే. అతని లెక్కే కరెక్టు. రేటు పెరిగిన రోజు నుంచి చీటీలన్నీ తీసి చేత్తో తిరగేసి, తక్కువ పడిన ప్రతి రైతుకూ మిగతా డబ్బు కట్టినారు. అప్పటికే కొందరు ఆ డబ్బుతో కట్టాల్సిన వడ్డీ వాయిదా దాటిపోయింది. ఆ వాయిదా మాత్రం ఎవరం వెనక్కి తేలేకపోయినాం.

కాబట్టి బతికున్న లింకును తెంచబాకు, ఇంటికి తీసుకురా. రేట్ల బుక్కు, నీ బుక్కు రెండూ తెరువు. రేట్ల షీటు ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి మూవ్ ఆర్ కాపీలో నీ బుక్కును ఎంచుకో, క్రియేట్ ఏ కాపీ టిక్కు మర్చిపోవద్దు. షీటు పేరు అక్షరం కూడా మార్చకు. సేవ్ చేసి, ఎడిట్ లింక్స్‌లో రేట్ల బుక్కు పేరు మీద నిలబడి చేంజ్ సోర్స్ నొక్కి, నీ బుక్కునే ఎంచుకో. వందల ఫార్ములాలు ఒక్కసారిగా లోపలి షీటు వైపు తిరుగుతాయి, ఫార్ములాలు ఫార్ములాలుగానే ఉంటాయి. అయితే ఇకమీద రేటు మార్చాల్సింది నీ బుక్కులో. రేట్లు చూసుకునే మనిషికి అది ఆ రోజే, నోటిమాటతో కాదు, రాసి చెప్పు.

చచ్చిన లింకు తెంచేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. సమ్‌ఇఫ్, సమ్‌ఇఫ్స్, కౌంట్‌ఇఫ్ అనే ఫార్ములాలు మూసి ఉన్న ఫైలు నుంచి లెక్కగట్టలేవు. సోర్సు మూసి ఉండగా అప్‌డేట్ నొక్కితే వాల్యూ ఎర్రర్ వస్తుంది, అప్పుడు తెంచితే ఆ ఎర్రరే రాయి అవుతుంది. సోర్సు ఫైలుంటే తెరిచిపెట్టుకుని తెంచు. లేకపోతే, బుక్కు తెరిచేటప్పుడు అప్‌డేట్ వద్దని చెప్పి, పాత అంకెలు కనిపిస్తుండగానే తెంచు. ఇన్‌డైరెక్ట్‌తో (అక్షరాల్లో రాసిన దారిని చదివే ఫార్ములా) రాసిన బయటి దారులు అసలు లింకుల జాబితాలోనే రావు, అవి ఉత్త అక్షరాలు కాబట్టి. సోర్సు మూస్తే రెఫ్ ఎర్రర్ ఇస్తాయి. వాటిని విడిగా వెతుకు.

ఇంతా చేసినా ఒకటో రెండో పేర్లు జాబితాలో అట్లే కూర్చుని ఉంటాయి. బ్రేక్ లింక్ నొక్కితే కదలవు. అవి మొండివి కాదు పాపా, సెల్లులో లేవు, అంతే.

కంట్రోల్ ఎఫ్ కొట్టి, వర్క్‌బుక్ మొత్తంలో, ఫార్ములాల్లో వెతికేట్టు పెట్టు. చాలామంది చదరపు బ్రాకెట్ వెతకమంటారు. నువ్వు చుక్క పెట్టి ఎక్స్ఎల్ (.xl) అని వెతుకు, ఎక్సెల్ ఫైళ్ల పేర్ల చివర అదుంటుంది. టేబుల్ ఫార్ములాల్లో కూడా ఆ బ్రాకెట్లుంటాయి, ఊరికే వందలకొద్దీ చూపిస్తుంది. పైగా బయటి ఫైల్లో సెల్లులకు పెట్టిన పేరును, అంటే నేమ్‌ను వాడిన ఫార్ములాలో బ్రాకెట్ ఉండదు. ఫైండ్‌కు దొరక్కపోతే కంట్రోల్ ఎఫ్3 నొక్కి నేమ్ మేనేజర్‌లో రిఫర్స్ టు గడి వెంబడి చూడు. ఎక్కువ దొంగలు దొరికేది అక్కడే. షీటు కాపీ అయినప్పుడల్లా పాత బుక్కు నేములు వెంట వస్తాయి. తీసేముందు ఆ నేమ్‌ను ఏదైనా ఫార్ములా వాడుతోందా అని వెతుకు, వాడుతుంటే నేమ్ ఎర్రర్ పుట్టుకొస్తుంది. దాచిన నేములు ఈ జాబితాలో కనబడవు. ఆల్ట్ ఎఫ్11లో నేమ్స్ అన్నింటికీ విజిబుల్‌ను ట్రూ చేసే మూడు లైన్ల మాక్రో (ఎక్సెల్‌కు పని చెప్పే చిన్న ప్రోగ్రాం) రాస్తే బయటికొస్తాయి. అక్కడే ఉన్నప్పుడు ఎడమపక్క షీట్ల జాబితా కూడా చూడు. వెరీ హిడెన్ అని పెట్టిన షీటు అన్‌హైడ్‌లో రాదు, ప్రాపర్టీస్‌లో విజిబుల్ మారిస్తేనే వస్తుంది.

డేటా వాలిడేషన్ డ్రాప్‌డౌన్లను ఫైండ్ చూడదు, బ్రేక్ లింక్ ముట్టుకోదు. ఎఫ్5, స్పెషల్, డేటా వాలిడేషన్ అని వెళ్తే అవి ఉన్న సెల్లులన్నీ సెలెక్ట్ అవుతాయి. ఇక్కడ తొందరపడితే దెబ్బతింటావు. అన్నీ సెలెక్టయి ఉండగా వాలిడేషన్ తెరిస్తే, ఒకటికంటే ఎక్కువ రకాలున్నాయి, ఉన్నవి చెరిపెయ్యాలా అని అడుగుతుంది. ఓకే కొడితే మంచివి కూడా పోతాయి. క్యాన్సిల్ చేసి, ఒక్కో కాలమ్‌గా చూసుకో. కండిషనల్ ఫార్మాటింగ్‌లో మేనేజ్ రూల్స్‌కు వెళ్లి, దిస్ వర్క్‌షీట్ పెట్టి, షీటు షీటుకూ చూడు. చార్టుల్లో ఒక్కో గీత మీద క్లిక్ చేస్తే ఫార్ములా బారులో సిరీస్ దారి కనబడుతుంది, చార్టు టైటిల్ కూడా ఏదో సెల్లుకు కట్టి ఉండొచ్చు. బొమ్మలకూ బటన్లకూ అసైన్ మాక్రోలో పాత ఫైలు పేరుంటే అదీ లింకే. పివట్ (డేటాను గుదిగుచ్చి చూపించే టేబుల్) అయితే చేంజ్ డేటా సోర్స్‌లో దారి చూడు. ఇవి ఒకటొకటిగా తీసేటప్పుడు మధ్యమధ్యలో సేవ్ చేసి, మూసి, తెరిచి చూడు. తెరిచిందాకా జాబితాలో పాత పేరు పోకపోవచ్చు.

స్టార్టప్ ప్రాంప్ట్‌లో అలర్ట్ చూపించొద్దని పెడితే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినొద్దు. ప్రశ్న ఆగుతుంది, లింకు అట్లే ఉంటుంది.

ఇంకా దొరక్కపోతే బుక్కు లోపలికి పోవాలి. భయమేం లేదు. 2007 నుంచి వస్తున్న ఎక్సెల్ఎస్ఎక్స్ (.xlsx) ఫైలు నిజానికి ఒక జిప్పే. కాపీకి ఇంకో కాపీ తీసి, చివరి అక్షరాలు మార్చి జిప్ అని పెట్టు. తెరవడానికి పాస్‌వర్డ్ ఉన్న ఫైలు ఇట్లా తెరుచుకోదు, ముందు అది తీసెయ్యి. ఎక్సెల్ఎస్‌బి అయితే లోపలంతా బైనరీ, ఎక్సెల్ఎస్ఎక్స్‌గా సేవ్ చేసుకుని చూడు. లోపల ఎక్స్ఎల్ ఫోల్డర్లో ఎక్స్‌టర్నల్‌లింక్స్ అని ఇంకో ఫోల్డర్, దాంట్లో రెల్స్ (_rels) ఫోల్డర్ ఉంటాయి. ఆ రెల్స్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే టార్గెట్ ఎదురుగా పాత ఫైలు పూర్తి దారి ఉంటుంది. ఇక షీట్ల ఫైళ్లలో, వర్క్‌బుక్ ఫైల్లో [1] అని వెతుకు. లోపల ఫైలు పేరు రాయరు, నంబరే రాస్తారు. వాలిడేషన్ అన్న మాట పక్కన దొరికితే వాలిడేషన్, డిఫైన్డ్ నేమ్ పక్కన దొరికితే నేమ్. ఆ పక్కనే సెల్లు నంబరో నేమ్ పేరో ఉంటుంది. షీట్1 ఫైలంటే నీ మొదటి ట్యాబే అనుకోవద్దు, ఏది ఏ పేరో వర్క్‌బుక్ ఫైల్లో, దాని రెల్స్‌లో చూసుకో.

చూడడం వరకే. చోటు తెలిసినాక బయటికి వచ్చి ఎక్సెల్‌లోనే సరిచెయ్యి. ఆ ఫోల్డర్ చెరిపేస్తే పోతుందిగా అని చెయ్యిపెట్టొద్దు. దాని ప్రస్తావన వర్క్‌బుక్ ఫైల్లో, దాని రెల్స్‌లో, కంటెంట్ టైప్స్ ఫైల్లో కూడా ఉంటుంది. ఒక్కచోట మిగిలినా రిపేర్ చెయ్యాలా అంటుంది. అంతకంటే చెడ్డది ఇంకోటుంది: ఆ నంబర్లు జాబితాలోని వరసను బట్టి వస్తాయి. నువ్వు మొదటిది తీసేస్తే [2] అన్నది వేరే ఫైలు వైపు తిరుగుతుంది. తప్పు అంకెలు నోరెత్తకుండా వచ్చి కూర్చుంటాయి. నాకు ఎర్రరంటే భయం లేదు పాపా, నోరెత్తని అంకె అంటేనే భయం.

ఆ ఫోల్డర్లో నువ్వు చూడాల్సింది ఇంకోటి కూడా ఉంది. లింకు ఫైల్లో దారి ఒక్కటే కాదు, బయటి బుక్కు నుంచి చివరిసారి తెచ్చిన అంకెలు కూడా దాచి ఉంటాయి. ఈ బుక్కును బ్యాంకుకో ఆడిటర్‌కో పంపితే, అడగని రేట్లూ వేరే పార్టీల బాకీలూ దాంతోపాటే పోతాయి. ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో సేవ్ ఎక్స్‌టర్నల్ లింక్ వాల్యూస్ టిక్కు తీసేస్తే దాచడం ఆగుతుంది. కానీ టిక్కు తీసేసి సేవ్ చేసినాక, సోర్సు ఫైలు లేకపోతే ఆ అంకెలు మళ్లీ దొరకవు. అందుకే లింకుల పని పూర్తయినాకే ఆ టిక్కు ముట్టుకో.

పని అయిందనుకున్నప్పుడు రెండు పరీక్షలు చెయ్యి. ఒకటి: కాపీలో తోతాపురి రేటు కిలోకు రూపాయి పెంచి, కింద మొత్తం కదిలిందా చూడు. ఆ రేటు పడే లోడ్లన్నీ కలిపి ఎన్ని కిలోలో సరిగ్గా అన్ని రూపాయలు పెరగాలి, రూపాయి అటూ ఇటూ కాకూడదు. రెండు: ఫార్ములాలు ఉండాల్సిన కాలమ్ సెలెక్ట్ చేసి ఎఫ్5, స్పెషల్, కాన్‌స్టంట్స్ నొక్కు. రాయిగా మారిన సెల్లు ఉంటే అక్కడే వెలుగుతుంది. పాత బుక్కు టోటల్స్, కొత్త బుక్కు టోటల్స్ పక్కపక్కన పెట్టి షీటు షీటుకూ టిక్కు పెట్టుకో. కానీ టోటల్స్ సరిపోయినాయని ఒక్కటే చూసి సంతకం చెయ్యబాకు. ఆ సాయంత్రం నావీ సరిపోయినాయి.

మంగళవారానికి కాకపోతే బుధవారం అవుతుందని మీ సారుకు ముందే చెప్పు. రాత్రి ఎనిమిది దాటినాక ఈ పని చెయ్యొద్దు, కళ్లు అలిసినాకే ఓకే మీద వేలు పడేది. అమ్మ పంపించే చట్నీ, రొట్టె తినే కూర్చో, ఖాళీ కడుపుతో వద్దు. చిన్నప్పుడు నా టేబుల్ కింద కూర్చుని పాత చీటీల వెనకాల ఎక్కాలు రాసేదానివి, ఒక్కటి తప్పు పడితే మొత్తం చెరిపి మళ్లీ రాసేదానివి. నీ చేతికి ఈ బుక్కు వచ్చిందంటే నాకు నమ్మకమే.

జిప్పు తెరిచినాక ఎక్స్‌టర్నల్‌లింక్స్ ఫోల్డర్ ఇంకా కనబడితే ఫోన్ చెయ్యి. టార్గెట్ ఎదురుగా ఏముందో అక్షరం అక్షరం చదివి చెప్పు, ఇద్దరం కూర్చుని చూద్దాం. పొద్దున ఆరుకే లేచి ఉంటాను.

మీ మామ