‘బన్నీ’ అంటే ఒప్పుకోని హీరో: ఈ నెల అనిమే ప్రశ్నలు

ప్రశ్న: రూమ్‌లో నలుగురం ఉంటాం. శని, ఆదివారాల్లో కలిసి చూడటానికి ఫైట్లు, కామెడీ రెండూ ఉండి ఇద్దరు మగవాళ్ల స్నేహం మీద నడిచే అనిమే చెప్పండి. మధ్యలో ప్రేమకథ వద్దు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ‘టైగర్ అండ్ బన్నీ’ అనే జపాన్ యానిమేషన్ సీరియల్ చూడండి. నన్ను ఎవరడిగినా ముందు ఇదే చెప్తాను. 2011 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు జపాన్ టీవీలో 25 ఎపిసోడ్లుగా వచ్చింది, తీసింది సన్‌రైజ్ స్టూడియో. కథంతా స్టెర్న్‌బిల్డ్ అనే కల్పిత నగరంలో జరుగుతుంది. అక్కడ హీరోలంటే అతీత శక్తులుండి, కంపెనీల్లో జీతానికి పనిచేసే ఉద్యోగులు. దొంగను పట్టుకుంటే పాయింట్లు, మనిషిని కాపాడితే పాయింట్లు, అంతా టీవీలో లైవ్ వస్తుంది, సీజన్ చివర్లో ఎవరికి ఎక్కువుంటే వాళ్లే ‘కింగ్ ఆఫ్ హీరోస్’. సూట్ల మీద లోగోలు నిజం కంపెనీలవే. బ్లూ రోజ్ అనే హీరో సూట్ మీద పెప్సీ ఉంటుంది, ఇద్దరు ముఖ్యపాత్రల్లో ఒకడైన కొతెత్సు సూట్ మీద సాఫ్ట్‌బ్యాంక్ ఉంటుంది. ఒరిగామి సైక్లోన్ అనే హీరో ఉన్నాడు, అతనికి దొంగల కంటే కెమెరా ముఖ్యం, ఎక్కడ షూటింగ్ జరుగుతుంటే అక్కడికి వెళ్లి వెనకాల లోగో కనపడేలా నిలబడతాడు. అతను ఎక్కడున్నాడో ముందు ఎవరు కనిపెడతారో మీ నలుగురూ పందెం వేసుకోండి.

అసలు కథ ఇద్దరిది. కొతెత్సు, అంటే వైల్డ్ టైగర్, పాతకాలపు హీరో. భార్య చనిపోయింది, కూతురు వాళ్ల నానమ్మ దగ్గర పెరుగుతోంది, నాన్న హీరో అన్న సంగతే ఆ పిల్లకి తెలియదు. మనుషుల్ని కాపాడే తొందరలో గోడలు, వంతెనలు పగలగొడుతుంటాడు, ఆ నష్టపరిహారం బిల్లులు కంపెనీ నెత్తిన పడతాయి. బార్నబీ కొత్తవాడు, అందగాడు, ప్రతిదీ లెక్క ప్రకారం చేస్తాడు, అసలు పేరూ ముఖమూ దాచుకోకుండా వచ్చిన హీరో. వీళ్లు స్నేహితులు కావాలని ఎవరూ కోరుకోలేదు, కంపెనీ జంటగా వేసింది, అంతే. మొదటి ఎపిసోడ్‌లోనే పైనుంచి పడిపోతున్న కొతెత్సును బార్నబీ రెండు చేతులతో పెళ్లికూతుర్ని ఎత్తినట్టు పట్టుకుంటాడు. అక్కడ కొతెత్సు మొహం చూసి నవ్వనివాళ్లు ఉండరు.

ప్రశ్న: బన్నీ అంటే మనకి అల్లు అర్జునే గుర్తొస్తాడు! వీళ్లలో బన్నీ ఎవరు? ఆ పేరెందుకు? ఇంగ్లిష్ డబ్బింగ్‌లో చూడాలా, సబ్‌టైటిల్స్‌తో జపనీస్‌లోనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండింటికీ జవాబు ఒకటే. బార్నబీ సూట్‌కి చెవుల్లాంటివి పొడవుగా ఉంటాయి, దానికి తోడు ఎగిరెగిరి దూకుతాడు, అందుకని కొతెత్సు అతన్ని కుందేలన్నట్టు బన్నీ అని పిలుస్తాడు. అదీ మొదట్లో ‘బన్నీ చాన్’. చాన్ అనేది చిన్నపిల్లలకీ, ముద్దుగా పిలుచుకునేవాళ్లకీ తగిలించే మాట, మనం బుజ్జీ అన్నట్టు. పాతికేళ్లకి దగ్గరపడ్డ కుర్రాణ్ని, అంత బిగుసుకుని ఉండేవాణ్ని, అలా పిలిస్తే ఊరుకుంటాడా? ‘నేను బన్నీ కాదు, బార్నబీని’ అని పిలిచిన ప్రతిసారీ సరిదిద్దుతాడు. బదులుగా అతను కొతెత్సును ‘ఒజిసాన్’ అంటాడు. దారిన పోయే పెద్దాయన్ని అంకుల్ అన్నట్టన్నమాట, గౌరవం లేదు, దగ్గరితనం అసలే లేదు.

ఇక్కడి నుంచి ఆ పిలుపులు వింటూ ఉండండి. సగం కథ అయ్యేసరికి ఒజిసాన్ పోయి ‘కొతెత్సు సాన్’ వస్తుంది. సాన్ అంటే మన గారు లాంటిదే. ఎవరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడరు, కౌగిలింతలు లేవు, కన్నీళ్లు లేవు, పిలుపు మారింది అంతే, కానీ నాకు ఈ సీరియల్ మొత్తంలో అంతకంటే సంతోషం ఇచ్చిన చోటు లేదు. మన ఇళ్లలో మీరు నుంచి నువ్వుకి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో మనకి తెలుసు కదా. వీళ్లది తిరగేసిన దారి, అమర్యాద నుంచి గౌరవానికి వచ్చారు. బన్నీ అన్న పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది, అది ఒక్క కొతెత్సు నోట్లోంచి వస్తేనే బాగుంటుంది. ఇదంతా పిలుపుల్లో ఉంది కాబట్టి జపనీస్‌లోనే చూడమంటాను. కొతెత్సుకి గొంతు ఇచ్చింది హిరాతా హిరోఆకి, ‘వన్ పీస్’ అనే ఇంకో అనిమేలో సాంజీ పాత్ర గొంతు కూడా ఆయనదే.

ప్రశ్న: ఇద్దరికీ ఒకే శక్తి పెట్టారు, ఐదు నిమిషాలు వంద రెట్ల బలం. ఇద్దరు హీరోలుండి ఒకే పవర్ అంటే దండగ కదా? పైగా రెండో సగంలో కామెడీ తగ్గిపోయింది, టెన్షన్ ఎక్కువైంది.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఇంకా చూడనివాళ్లు ఈ జవాబు దాటేయండి.

దండగ కాదండీ, కథకి పట్టు అక్కడే దొరికింది. వేర్వేరు శక్తులుంటే ఒకరు లేని చోట ఇంకొకరు అని సర్దేయొచ్చు. ఒకటే ఉన్నప్పుడు ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఐదు నిమిషాలు అయిపోయాక ఎవరు నిలబడాలి అని ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు. మొదట్లో మాట్లాడుకోరు, ఇద్దరూ ఒకేసారి దూకుతారు, ఇద్దరికీ ఒకేసారి అయిపోతుంది, మీరు నవ్వింది అక్కడే. మరి కొతెత్సుకి ఆ ఐదు నిమిషాలు తగ్గుతూ వస్తే? అదే శక్తి పక్కవాడిలో నిండుగా ఉండగా తనలో తరిగిపోతుంటే, ఆ మాట ఎలా చెప్పగలడు? చెప్పడు. దాచి, కూతురి కోసం ఉద్యోగం మానేస్తానంటాడు, బార్నబీకి ఒళ్లు మండుతుంది. ఆ కోపం నాకు చాలా నిజంగా అనిపించింది, వదిలి వెళ్తున్నందుకంటే తనతో చెప్పనందుకు ఎక్కువ బాధ. అక్కడ కామెడీ తగ్గింది నిజమే, కానీ మొదటి సగంలో అంత నవ్వి ఉండకపోతే ఈ గొడవ మనకి పట్టేది కాదు. మీరు ఆపేసి ఉంటే మాత్రం పూర్తిచేయండి, బన్నీ అన్న పేరుకి చివర్లో పెద్ద పని ఉంది.

ప్రశ్న: రెండో సీజన్ చూడాలా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో రెండు విడతలుగా వచ్చింది, ఏప్రిల్‌లో కొన్ని, అక్టోబర్‌లో మిగతావి. ఈసారి హీరోలందరినీ జంటలుగా కట్టారు. కొత్తగా వచ్చిన థామస్, సుబారు జంట నాకు నచ్చింది, పంతం పట్టినవాడు ఒకడు, మాట్లాడనివాడు ఒకడు. కానీ ఇంతమంది మీద కథ పంచడంతో మన ఇద్దరికీ తెరమీద టైమ్ తగ్గింది, నాకు ఆ లోటు తెలిసింది. మొదటి 25 చూశాక వాళ్లని వదల్లేకపోతే చూడండి.