సైగాన్ వీధి చూడాలంటే

చి. బుజ్జికి పిన్ని ఆశీస్సులు.

నీకు వియత్నాంలో, సైగాన్‌లో ఉద్యోగమని మీ అమ్మ చెప్పింది. కాగితాల మీద హోచిమిన్ సిటీ అని ఉంటుంది గానీ, ఊళ్లోవాళ్లు చాలామంది ఇప్పటికీ సైగాన్ అనే అంటారు. ఊరంతా తిరిగి ఫోటోలు తీస్తావట. తిరుగుడు తర్వాత, ముందు కూర్చో. పొద్దున్నే ఏ సందు మొగలో చూసినా, పిల్లల పీటలంత ప్లాస్టిక్ స్టూళ్లు వేసి కాఫీ అమ్ముతుంటారు. "కాఫే సువా దా" అను. మిల్క్‌మెయిడ్ లాంటి చిక్కటి తీపి పాలు, ఐసు వేసి ఇస్తారు. రోజూ అదే కొట్టుకి వెళ్లు. నాలుగైదు రోజులకి అమ్మే ఆవిడ అడక్కుండానే గ్లాసు పెడుతుంది. ఇక నిన్నెవరూ పట్టించుకోరు, నీకు కావలసిందీ అదే.

తెలుగు క్యాలెండర్ ఒకటి పెట్టెలో పడెయ్. నవ్వకు, పనికొస్తుంది. వాళ్ల నెల కూడా అమావాస్య దగ్గరే మొదలవుతుంది, ఒకరోజు అటూ ఇటూగా. పాడ్యమికీ పౌర్ణమికీ అగరొత్తులు, పళ్లు, పూలు పెడతారు. చాలామంది ఆ రోజు మాంసం ముట్టరు. దుకాణాలవాళ్ల పూజ వాళ్ల లెక్కలో 2, 16 తేదీల్లో. నేనక్కడ ఉన్నప్పుడు సాయంత్రం మా ఎదురు కొట్టావిడ పాత నూనె డబ్బాలో ఉత్తుత్తి కాగితపు డాలర్లు ఒక్కొక్కటే వేసి కాల్చేది, ఆఖర్న గుప్పెడు ఉప్పూ బియ్యం రోడ్డు మీదికి విసిరేది. దిక్కులేని ప్రేతాలకట. స్కూటర్లు వాటి మీదుగానే పోయేవి.

షామియానా, బ్యాండు చూసి పెళ్లనుకోకు. నేను అనుకున్నాను. ఫోన్ పట్టుకుని నవ్వుతూ లోపలికి వెళ్తే, అందరి తలలకీ తెల్ల గుడ్డలు, అది చావిల్లు! కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒక పెద్దాయన కోప్పడకుండా టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. పెళ్లైతే గుమ్మానికి పూల కమాను ఉంటుంది, పెళ్లికొడుకు వైపు వాళ్లు ఎర్రగుడ్డ కప్పిన పళ్లేలతో వస్తారు. వాటిలో తమలపాకులూ వక్కలూ తప్పవు, మన తాంబూలంలాగే.

రోడ్డు దాటేటప్పుడు మెల్లగా, ఒకే నడకతో వెళ్లు. మధ్యలో ఆగకు, వెనక్కి తగ్గకు. స్కూటర్లే తప్పుకుంటాయి, బస్సులు తప్పుకోవు.

బెన్ థాన్ మార్కెట్ దగ్గర మారియమ్మన్ గుడి ఉంది, తమిళులు కట్టించింది. ఇప్పుడు వచ్చేది ఎక్కువగా వియత్నాం వాళ్లే. వెనక రాతిగోడకి నుదురానించి గొణుక్కుంటూ కోరికలు చెప్పుకుంటారు. అక్కడ మాత్రం ఫోన్ బ్యాగులోంచి తియ్యకు.

చేరగానే ఫోన్ చెయ్యి.

పిన్ని