ఆయిల్ ఫీల్డ్ గుంట పక్కనే బోరు ఉంది, నీళ్లు తేటగానే వస్తున్నాయి. తాగొచ్చా?

మీ బోరుకు దగ్గర్లో ఆయిల్ ఫీల్డ్ వ్యర్థజలాల గుంట ఉందని, "అంతా ఎండకు ఆవిరైపోతుంది, భూమిలోకి ఏమీ దిగదు" అని ఆయిల్ ఫీల్డ్ వాళ్లు చెబుతున్నారని రాశారు. ఇలాంటి గుంటల చుట్టూ భూగర్భ జలాల శాంపిళ్లు తీసే పని కొన్నేళ్లు చేశాను. నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన ఏదీ తేలదు. పరీక్ష చేయించే దాకా తాగకపోవడమే మంచిది.

ముందు ఆ ఆవిరి సంగతి చూద్దాం. హెక్టారు గుంటలో ఏడాదికి 2 మీటర్ల నీళ్లు ఆవిరయ్యాయనుకోండి. రోజుకు 55 వేల లీటర్లు. అదే గుంటలోకి రోజూ 2 లక్షల లీటర్లు వదులుతున్నా మట్టం పెరగట్లేదంటే మిగతా నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు? అడుగున లైనింగ్ (నీళ్లు ఇంకకుండా పరిచే పొర) లేని గుంటల్లో నేల తాగేస్తుంది. నిజంగానే ఆవిరైనా ఉప్పు మాత్రం ఆవిరి కాదు. గట్టు వెంబడి తెల్లగా పేరుకునే పొర అదే. వాన పడితే అది కరిగి కిందికి దిగుతుంది.

చమురుతో పాటు పైకొచ్చే నీళ్లు చాలా చోట్ల సముద్రపు నీటికన్నా ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పులో భాగమైన క్లోరైడ్ దాదాపు దేనికీ అంటుకోదు, కుళ్లదు, భూగర్భ జలం ఎంత వేగంగా కదిలితే అంతే వేగంగా వస్తుంది. చమురులో ఉండే విష రసాయనం బెంజీన్ అలా కాదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత సూక్ష్మజీవులు తినేస్తాయి. కాబట్టి "బెంజీన్ లేదు" అన్న రిపోర్టు చూపించి గుంట ఏమీ చేయలేదంటే ఒప్పుకోకండి. ఇంకో సంగతి, గుంట నీటిలోని సోడియం బంకమట్టికి పట్టుకుని అందులోని కాల్షియం, మెగ్నీషియాన్ని బయటికి తోస్తుంది. అందుకే కొన్ని బోర్లలో ముందు కాఠిన్యం పెరుగుతుంది. సబ్బు నురగ రాకపోతే దీన్ని ఎవరూ గుంటతో ముడిపెట్టరు.

ఉప్పు నీళ్లు బరువు కదా, కిందికి దిగుతాయి. పక్కింటి లోతు తక్కువ బావి బాగుందని మీ లోతైన బోరు కూడా బాగున్నట్టు కాదు.

శాంపిల్ తీసేటప్పుడు మోటార్ వేయగానే వచ్చే నీళ్లు పట్టకండి, అవి పైపులో నిలవున్నవి. ఈసీ మీటరు (నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచేది, ఉప్పు పెరిగితే అంకె పెరుగుతుంది) ముంచి, అంకె నిలకడగా వచ్చే దాకా నీళ్లు వదలాలి. బెంజీన్ కోసం ల్యాబ్ వాళ్లిచ్చే చిన్న గాజు సీసాను అంచుదాకా నింపి మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టాలి. ఒక్క బుడగ పైకి లేచినా మళ్లీ పట్టాల్సిందే, లేకపోతే ఉన్న బెంజీన్ ఆ బుడగలోకి జారుకుంటుంది. ల్యాబ్‌లో క్లోరైడ్, బ్రోమైడ్, బోరాన్, సోడియం, కాఠిన్యం, బెంజీన్ అడగండి. బ్రోమైడ్ ఎందుకంటే, ఉప్పు మురుగు నుంచి వచ్చిందా గుంట నుంచి వచ్చిందా అన్న వాదన దాదాపు ప్రతిచోటా మొదలవుతుంది. క్లోరైడ్‌కూ బ్రోమైడ్‌కూ మధ్య నిష్పత్తి అక్కడ పనికొస్తుంది. అయితే గుంట నీళ్ల శాంపిల్ కూడా అదే రోజు తీసి పోల్చాలి.

ఇది కొత్త గొడవ కాదు. టెక్సస్‌లో లైనింగ్ లేని ఇలాంటి గుంటలను 1969లోనే రాష్ట్రమంతటా ఆపేశారు. కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు వాడారు. అక్కడి నిబంధనల్లో, వాడుకునే భూగర్భ జలం మీద ఉన్న గుంటల్లోకి వదిలే నీటికి క్లోరైడ్ పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు.

గుంట మూసేస్తామని వాళ్లు మాటిచ్చినా టెస్టింగ్ ఆపకండి. గుంటకూ నీటి మట్టానికీ మధ్య నేలలో ఇంకిపోయిన ఉప్పు ఏళ్ల తరబడి ప్రతి వానకూ కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది. గుంట శాంపిల్ ఇవ్వడానికి ఒప్పుకోకపోతే, కనీసం ఈసీ మీటరు కొనుక్కుని నెలకోసారి మీ బోరు అంకె తేదీతో రాసి పెట్టుకోండి. ఒక్క రీడింగ్‌ను ఎవరైనా కొట్టిపారేయొచ్చు, నెలనెలా పెరుగుతూ పోయే అంకెలను కొట్టిపారేయడం కష్టం.