విశాఖ నుంచి ఇంటికొచ్చే పూట

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్ళు. తాడేపల్లిగూడెంలో ఉంటాం. నాది ఆఫీసు ఉద్యోగం. ఇంట్లో మావారు, ఇంటర్ రెండో ఏడు చదివే బాబు, మా అత్తగారు. అమ్మ పోయాక ఏటా సంక్రాంతి చుట్టాలు వెళ్ళిపోయి ఇల్లు సర్దుకున్నాక, విశాఖ ఆర్కే బీచ్ దగ్గర ఒక హోటల్‌కి ఒక్కదాన్నే శుక్రవారం వెళ్ళి ఆదివారం వస్తున్నాను. పెద్ద హోటలేం కాదు. కౌంటర్‌లో ఆయన నన్ను గుర్తుపట్టి, అడక్కుండానే సముద్రం వైపు రూమ్ ఇస్తారు. "ఒక్కరేనా మేడమ్?" అని ఎవరూ ఆరా తీయరు. అందుకే వేరే చోటికి వెళ్ళను. పొద్దున్నే నడుస్తాను. తర్వాత బాల్కనీలో కూర్చుని, పోర్టులోకి వెళ్ళడానికి ఆగి ఉన్న ఓడల్ని చూస్తాను. అంతే.

మధ్యాహ్నం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాక మొదలవుతుంది నా బాధ. అన్నవరం దాటేసరికి ఒకటే టెన్షన్. సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే సింకు నిండా గిన్నెలు. "వచ్చావా తల్లీ, నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు" అంటారు అత్తగారు. తెచ్చిన మాడుగుల హల్వా ఆవిడ చేతిలో పెట్టి నేరుగా వంటింట్లోకి వెళ్తాను. ఆ రాత్రే పప్పు నానేసి, రుబ్బి, బట్టలుతికి పడుకుంటాను. మంగళవారానికల్లా బాబు మీద అరుస్తుంటాను. అత్తగారికి ఆఫీసు ట్రైనింగ్ అని చెప్పారు మావారు. ఈసారి ఆవిడని కూడా తీసుకెళ్తే అబద్ధం ఆడే పని ఉండదంటున్నారు. అసలు వెళ్ళడమే మానేయనా? నాది స్వార్థమా?
– ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: మానకండమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడతాను.

మా అమ్మ పుట్టిల్లు పిఠాపురం. ఏడాదికోసారి వెళ్ళేది. అమ్మమ్మ వండిపెడితే తిని, మధ్యాహ్నం వీధరుగు మీద చాప పరుచుకుని పడుకునేది. అక్కడ ఆవిడ చేసే పని అదే. తిరిగొచ్చేటప్పుడు మా మేనమామ దిగబెట్టేవాడు, సున్నుండల డబ్బా, చలిమిడి పట్టుకుని. మా నాయనమ్మకి నోరు జాస్తి. అయినా ఆ పూట మాత్రం అమ్మని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "ప్రయాణం చేసొచ్చావు, కాళ్ళు కడుక్కుని కూచో" అని మజ్జిగ ఇచ్చేది. పుట్టింటికి ఎందుకెళ్ళావని కోడల్ని నిలదీసినవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు.

అమ్మ పోయాక వెళ్తున్నానని రాశారు చూడండి, నాకు విషయమంతా అక్కడే కనిపించింది. చూడగానే గుర్తుపట్టి, మీకే గది ఇష్టమో తెలిసి, మిమ్మల్ని ఏ పనీ అడగని చోటు ఇప్పుడు మీకు ఆ హోటలే. డబ్బు కట్టి ఉంటున్నారు, అందులో చిన్నతనమేమీ లేదు. చిక్కంతా తిరిగి రావడంలో ఉంది. దిగబెట్టే అన్నదమ్ముడు లేడు, కాళ్ళు కడుక్కోమనే మాటా లేదు. పైగా ట్రైనింగ్ అని చెప్పి ఉన్నారు. ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చిన మనిషి అలసిపోయి కనిపించాలి. మీరేమో తేటపడిన మొహంతో వస్తారు, దాన్ని కూడా దాచుకోవాల్సి వస్తోంది. సముద్రం ఎలా ఉందో ఇంట్లో ఒక్కరితో చెప్పుకునే వీల్లేదు. ఆ గిల్టీ ఫీలింగ్‌తోనే రాత్రికి రాత్రి పప్పు రుబ్బుతున్నారు. ఆ రుబ్బుడు ఇడ్లీల కోసమైతే మర్నాడు ఉప్మాతో సరిపెట్టుకునేవారు.

కాబట్టి మొదట తీసేయాల్సింది ఆ ట్రైనింగ్ మాట. అది మీవారు చెప్పారు, ఆయనే సరిదిద్దాలి. మీరు చెబితే సంజాయిషీలా ఉంటుంది. "అమ్మా, తను ఏటా విశాఖలో విశ్రాంతికి వెళ్తుంది, నాకిష్టమయ్యే పంపిస్తున్నాను" అని, మీరు బయలుదేరడానికి చాలా ముందే చెప్పమనండి. అత్తగారు నాలుగు రోజులు మూతి ముడుచుకోవచ్చు. ముడుచుకోనివ్వండి. ఇల్లు ఇల్లులా లేదన్న మాట మీకు దెప్పుతున్నట్టు వినిపిస్తోంది. అబద్ధం మోస్తున్నప్పుడు ఎవరేమన్నా అలాగే వినిపిస్తుంది. మీరు లేక తోచలేదని చెప్పడానికి ఆవిడకి చేతనైన మాట అదే కావచ్చు. నిజం చెప్పేశాక అదే మాట మళ్ళీ వినండి, అప్పుడు తెలుస్తుంది.

ఇక రైలు సంగతి. ఆదివారం సాయంత్రం ఇంటికి చేరడమంత కష్టం ఇంకోటి లేదు. అందరూ ఇంట్లోనే ఉంటారు, రాత్రి వంట, సోమవారం క్యారేజీలు అన్నీ మీ కోసమే కాచుకుని ఉంటాయి. ఈసారి సోమవారం సెలవు పెట్టండి. ఆదివారం సాయంత్రం బీచ్ కిక్కిరిసిపోయి, మురీ మిక్చర్ బళ్ళ దగ్గర నిలబడే చోటుండదు నిజమే. జనం పలచబడ్డాక అదే బాల్కనీలోంచి ఓడల దీపాలు, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ వెలుగు చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కదా, కురుసురా జలాంతర్గామి దాకా ఓ నడక నడిచొచ్చి, ఉదయం సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. వేళలు మారుతుంటాయి, టిక్కెట్ తీసుకునేటప్పుడే చూసుకోండి. మధ్యాహ్నానికి గూడెంలో దిగుతారు. అప్పటికి మీవారు ఆఫీసులో, బాబు కాలేజీలో ఉంటారు. అత్తగారు భోంచేసి కునుకు తీస్తుంటారు. ఉప్పుగాలికి జిగటపట్టిన జుట్టు తలంటుకుని, మీ పెట్టె మీరు నింపాదిగా సర్దుకునేంత సమయం దొరుకుతుంది.

ఆ పూట పొయ్యి ముట్టుకోకండి. అన్నం, పప్పు, ఆవకాయ, పెరుగు ఉంటే చాలు, అది మీవారు చేయగలరు. మీరొచ్చేసరికి సింకు ఖాళీగా ఉండాలని వెళ్ళేముందే చెప్పండి. బాబుకి ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయని మినహాయించకండి. గిన్నెలు కడిగితే మార్కులు తగ్గవు. హల్వా సంగతంటారా, ఇష్టమైతే తీసుకురండి, జరిమానా కట్టినట్టు మాత్రం తేవద్దు. మీ వాటా ముందే తీసి పెట్టుకోండి, మీరు పంచడమే రాశారు గానీ తిన్నట్టు రాయలేదు.

ఒక్క విషయం మీరు తేలిగ్గా తీసుకోకూడదు. ఆ చిరాకు వారం పది రోజుల్లో తగ్గకుండా నిద్ర, ఆకలి పాడై, దేని మీదా మనసు పోకపోతే ప్రయాణాలు మార్చుకున్నంత మాత్రాన సరిపోదు. ఈ వయసులో నెలసరి మార్పులు కూడా మనసు మీద పనిచేస్తాయి. లేడీ డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

అత్తగారిని వెంటబెట్టుకెళ్ళమన్న సలహా మాత్రం ఒప్పుకోకండి. ఆవిడ వస్తే టైముకి కాఫీ, మందులు, గుడి, మెట్ల దగ్గర చెయ్యి, అన్నీ మీరే చూడాలి. అది ఆవిడ ప్రయాణమవుతుంది. ఆవిడకీ ఒక ప్రయాణం కావాలి, ఆ మాట నేను కాదనను. సింహాచలం చూపించాలనుకుంటే చందనోత్సవం రోజు వద్దు, ఆ తొక్కిసలాట పెద్దవాళ్ళు తట్టుకోలేరు, మామూలు రోజు చూసుకోండి. అన్నవరమైతే ఇంకా దగ్గర, కొండ మీదికి బండి వెళ్తుంది, పొద్దున బయలుదేరితే వ్రతం చేసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. వ్రతానికి దంపతులు కూర్చోవాలని మిమ్మల్ని రమ్మంటే వెళ్ళండి, ఉత్త దర్శనమే అయితే తల్లీకొడుకుల్ని వెళ్ళిరమ్మనండి.