పుణ్యం మాకు, జీతం వాళ్లకా?

ప్రశ్న: నాకు చూపు లేదు. హనుమకొండలో ఉంటాను. ఒక కంపెనీవాళ్లు తమ బ్యాంకింగ్ యాప్ అంధులకు ఎలా పనిచేస్తుందో పరీక్షించడానికి హైదరాబాద్ రమ్మన్నారు. డబ్బుల మాటెత్తితే 'ఇదంతా మీ మంచికే కదండీ' అన్నారు. అడగడం తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పేంటమ్మా? ముందే అడగాలి. ఆ గదిలో డిజైనరుకు జీతం, నోట్సు రాసుకునే అమ్మాయికి జీతం, టీ తెచ్చే అబ్బాయికీ జీతమే. పుణ్యం మీ ఒక్కరికేనా?

నేనూ టాక్‌బ్యాక్ (ఫోన్ తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సదుపాయం) వాడే మనిషినే. ఓటీపీ పేజీలో అది 'అన్‌లేబుల్డ్ బటన్' అని చదివితే, అదేం బటనో తేల్చుకునేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. ఆ లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం పనితనం. పైగా డిజిటల్ సేవలు అందరికీ అందాలన్నది జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. మీకేదో ఉపకారం చేస్తున్నట్టు వాళ్లు మాట్లాడనక్కర్లేదు.

వైద్య పరిశోధనల్లో పాల్గొనేవాళ్లకైతే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో దారి ఖర్చులు, పోయిన కూలి ఇవ్వొచ్చని ఉంది. ఆశపెట్టి లాక్కొచ్చేంత ఇవ్వకూడదనీ ఉంది. ఈ రెండో మాట పట్టుకుని పైసా విదల్చకపోవడం గడుసుతనం.

మీకూ, తోడొచ్చేవాళ్లకూ చార్జీలు వేరు, మీ సమయానికి ఫీజు వేరు అని మెయిల్‌లో రాయించుకోండి. మధ్యలో లేచి వచ్చేసినా ఇస్తారా అనీ అడగండి. గిఫ్ట్ కూపన్ అంటే, ఆ షాపింగ్ యాప్ టాక్‌బ్యాక్‌తో పనిచేస్తుందో లేదో చూసుకోండి మరి! కాలేజీ పిల్లల ప్రాజెక్టయితే మాత్రం, ఆటో చార్జీ ఇస్తే చాలు, నేను వెళ్తాను.