పాత సైనిక వస్త్రాల నిర్ధారణ: బిళ్లలు గుర్తుపడితే సరిపోతుందా?

ప్రశ్న: డిగ్రీలో చరిత్ర చివరి సంవత్సరం చదువుతున్నాను. పాతకాలపు సైనిక దుస్తులు, పతాకాలు అసలువో నకిలీవో తేల్చే వృత్తిలోకి వెళ్లాలని ఉంది. రెజిమెంట్ల బిళ్లలు, గుండీలు బాగానే గుర్తుపడతాను. అది చాలుతుందా? ఏం చదవాలి?

జవాబు: చాలదు. బిళ్లల పరిజ్ఞానం మీకు అక్కరకొచ్చేదే గానీ, నకిలీ తయారుచేసేవాడు కూడా ముందుగా చదువుకొనేది దాన్నే. అతడు తరచుగా దొరికిపోయేది దారం, రంగు, కుట్టు దగ్గర.

పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లదంటూ ఎర్ర ఉన్ని కోటొకటి మీ బల్ల మీదికి వచ్చిందనుకోండి. ముందు దాన్ని తిరగేసి అస్తరు, లోపలి కుట్లు చూడాలి. ఫ్రాన్స్‌లో తిమోనియే అనే దర్జీ 1830లోనే గొలుసుకుట్టు యంత్రానికి పేటెంటు పొంది సైన్యానికి దుస్తులు కుట్టించాడు గనుక, యంత్రపు కుట్టు కనబడగానే నకిలీ అని తేల్చేయడం తొందరపాటు. కానీ రెండు దారాలు బట్ట మధ్యలో పెనవేసుకునే లాక్‌స్టిచ్ యంత్రానికి అమెరికాకు చెందిన ఎలియాస్ హోవ్ పేటెంటు పొందింది 1846లో. ఆ కుట్టు అసలు అతుకుల్లోనే ఉంటే చెప్పిన కాలం నిలవదు, మరమ్మతు చేసిన చోట మాత్రమే ఉంటే కోటును తప్పుపట్టలేం.

రంగు విషయం ఇంకా చిక్కు. మ్యాడర్ అనే మొక్క వేళ్ల నుంచి తీసే ఎరుపులోని అలిజరిన్ అనే రంగుపదార్థాన్ని 1868లో కృత్రిమంగా తయారుచేశారు. సహజమైనా కృత్రిమమైనా పదార్థం ఒక్కటే కాబట్టి, అలిజరిన్ ఉందన్న ప్రయోగశాల నివేదిక ఒక్కటే దేన్నీ నిరూపించదు. వేళ్లలో దానితోపాటు ఉండే మరో రంగుపదార్థం పర్పురిన్ కూడా కనిపించిందా అని అడగాలి. అతినీలలోహిత దీపం కింద తెల్లదారం నీలంగా మెరిస్తే, రెండో ప్రపంచ యుద్ధం తరువాత విరివిగా వాడిన తెలుపుమందును అనుమానించాలి. అయితే అసలైన పాత బట్టను ఎవరైనా ఈమధ్య డిటర్జెంటుతో ఉతికినా అలాగే మెరుస్తుంది.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన చోటు బిళ్ల కింది బట్ట. ఎండకు వెలిసిన కోటు మీద ఏళ్ల తరబడి ఉన్న బిళ్లను ఎత్తితే, దాని ఆకారంలోనే ముదురు రంగు మిగిలి ఉండాలి. చుట్టూ ఉన్న రంగే కింద కూడా ఉంటే, అసలు కోటు మీద తరువాత ఎవరో బిళ్ల కుట్టారని అర్థం. ధర పెంచడానికి ఇలా చేయడం ఈ రంగంలో మామూలే.

ఇక చదువు. వస్త్ర సంరక్షణలో పీజీ చేయమని నా సలహా. బ్రిటన్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఇందుకు రెండేళ్ల ఎంఫిల్ ఉంది. రసాయనశాస్త్రం తప్పించుకోలేరు గనుక, దాని ప్రాథమిక పాఠాలు ఇప్పుడే మొదలుపెట్టండి. కేవలం నిర్ధారణ కోసమే ఉండే ఉద్యోగాలు బహు తక్కువ. ఎక్కువమంది మ్యూజియంలో సంరక్షకులుగానో వేలం సంస్థలోనో పనిచేస్తూ దీన్నీ చేస్తారు. పాత సేకరణల్లో పురుగు పట్టకుండా ఆర్సెనిక్ చల్లినవి ఉంటాయి. చేతితొడుగులు లేకుండా ముట్టుకోకండి. మీరు విలువ కట్టిన వస్తువును మీరే కొనకండి, దాని ధరలో శాతాన్ని రుసుముగా తీసుకోకండి.

మీ నివేదికల్లో "ఇది అసలైనది" అనే వాక్యం అరుదుగానే రాయగలుగుతారు. "పరిశీలించిన దారాల్లో, రంగుల్లో, కుట్లలో చెప్పిన కాలానికి విరుద్ధమైనదేదీ కనబడలేదు" అని రాయడం అలవాటు చేసుకోండి. కొనుగోలుదారు ఎంత ఒత్తిడి చేసినా అంతకుమించి ఒక్క మాట కలపకండి.