కౌంటర్ ఆఫర్ ఇచ్చారు... ఉండమనాలా, వెళ్లమనాలా?

ప్రశ్న: మా అమ్మాయి వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. నాలుగేళ్లలో ఇది రెండో కంపెనీ, ఇప్పుడు మూడోదానికని పేపర్లు పెట్టింది. మాన్యతా టెక్‌పార్కులో 14 లక్షల ఆఫర్. ఇక్కడివాళ్లు 10 లక్షలను 11.5 చేసి, 2 లక్షల రిటెన్షన్ బోనస్ (చెప్పినంత కాలం మానకుండా ఉన్నందుకు ఇచ్చేది) ఇస్తామంటున్నారు. ఇలా మారుతూ పోతే నిలకడ లేదనుకోరా? ఏది మేలు?
– ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: మీ భయం జీతం గురించి కాదు, రేపు హెచ్ఆర్ వాళ్లో సంబంధంవాళ్లో ఏమనుకుంటారోనని. ఆ బెంగ వదిలేయండి. 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లోనే స్వచ్ఛందంగా మానేసినవారు ఏడాది లెక్కన 28.4 శాతం. నాలుగేళ్లలో మూడు కంపెనీలంటే బెంగళూరులో ఎవరూ కళ్లెగరేయరు. అనుమానం తెచ్చేవి ఏడాదైనా నిండని ఉద్యోగాలు, రిలీవింగ్ లెటర్ (పద్ధతిగా వదిలేశామని కంపెనీ ఇచ్చే కాగితం) లేకుండా బయటపడటం. మీ అమ్మాయివి అలాంటివి కాదు.

అలాగని "మారితేనే హైక్" అన్న మంత్రాన్ని నేను నమ్మను. ఆ 28.4 శాతం 2024 జూన్‌కి 12.7కి దిగింది. అంటే వదిలిన కుర్చీలూ తగ్గాయి, బేరమాడే బలమూ తగ్గింది. ఏడాది మధ్యలో చేరినవాళ్లను చాలాచోట్ల ఆ ఏటి అప్రైజల్లో కలపరు. ప్రొబేషన్‌లో కంపెనీ ఇవ్వాల్సిన నోటీసూ తక్కువే. గ్రాట్యుటీ (సర్వీసును బట్టి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) చూడండి: బేసిక్‌లో 4.81 శాతం ఏటా సీటీసీలో, అంటే కంపెనీ చెప్పే మొత్తం ప్యాకేజీలో, కలిపి చూపిస్తారు, పర్మనెంట్ ఉద్యోగికి 5 ఏళ్లు నిండితే గానీ చేతికి రాదు. రెండేళ్లకోసారి మారేవాళ్లకు అది కాగితం మీది డబ్బే. అన్నిటికన్నా పెద్ద నష్టం పనిలో. ఆటోమేషన్ సూట్ (సాఫ్ట్‌వేర్‌ను తనంతట తానే పరీక్షించే ప్రోగ్రాముల కట్ట) ఒకటి తనే కట్టి, తర్వాతి రిలీజుల్లో అది విరిగినప్పుడు తనే బాగుచేసిన టెస్టర్‌కు ఇంటర్వ్యూలో చెప్పడానికి సరుకు ఉంటుంది. ఎక్కడికక్కడ కొత్తగా చేరి పని నేర్చుకుంటూ పోయినవాళ్లకు ఉండదు.

ఇక 14 లక్షలు. బ్రేకప్ చూడకుండా ఆ అంకెను బంధువులకు చెప్పకండి. అందులో లక్ష జాయినింగ్ బోనస్, 1.4 లక్షల వేరియబుల్ (పనితీరును బట్టి వచ్చే భాగం) ఉంటే ఫిక్స్‌డ్ 11.6 లక్షలే. ఇక్కడి 11.5లో వేరియబుల్ 50 వేలైతే ఫిక్స్‌డ్ 11 లక్షలు. తేడా నెలకు 5 వేలు, అదీ పన్నుకు ముందు. దానికోసం రోజూ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్.

కటువుగా అంటున్నాననుకోకండి. మీ ప్రశ్నలో రెండు జీతాలూ ఉన్నాయి, పిల్ల ఎందుకు మానేస్తోందో ఒక్క ముక్క లేదు. అడిగారా? జీతం చాలక అయితే పెంపు చూసి ఆగొచ్చు. మేనేజర్‌తో పడకో, నైట్ సపోర్ట్ వల్లో, చేసిందే చేస్తూ విసిగో అయితే 2 లక్షలు దాన్ని మార్చవు. మూడు నెలలకు మళ్లీ రెజ్యూమె తీస్తుంది.

మనిషిని నిజంగా ఉంచుకోవాలనుకునే కంపెనీ డబ్బుతో ఆగదు. టీమ్ మారుస్తుంది, రోల్ మారుస్తుంది, అది ఎప్పటినుంచి అన్న తేదీ వేస్తుంది. మేనేజర్ "నేను చూసుకుంటాలే" అంటే లెక్కలోకి రాదు. సవరించిన జీతం, అమలు తేదీ హెచ్ఆర్ లెటర్‌లో ఉండాలి. బోనస్ ముందే ఇస్తే గడువుకు ముందు మానేసినప్పుడు తిరిగి కట్టమంటారు. పన్ను కోత పోగా చేతికొచ్చినంతే కాదు, మొత్తం 2 లక్షలూ అడిగే షరతులుంటాయి, ఆ వాక్యం చదవమనండి. గడువు నిండాక ఇచ్చే బోనస్సే నయం, కట్టాల్సిన బాధ ఉండదు.

రోల్ మార్పు లెటర్‌లో వస్తే ఉండమనండి, రాకపోతే వెళ్లనివ్వండి. వెళ్తే పీఎఫ్ తీసేయకుండా అదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) మీద ట్రాన్స్‌ఫర్ చేయించాలి. 5 ఏళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత సర్వీసూ కలుస్తుంది. ఈ ఏడాది ఇక్కడ వచ్చిన జీతం, అందులో కోసిన పన్ను (టీడీఎస్) వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వడం మర్చిపోవద్దు. ఇవ్వకపోతే అక్కడ పన్ను తక్కువ కోస్తారు, రిటర్న్ వేసేటప్పుడు మిగతాదంతా ఒకేసారి కట్టాలి.